మంచి ఉప్పు

హలో… ఎవరూ?… ఆ, నేనేనమ్మా, చేపల లమైని. చెప్పు.

ఏమైందీ?… గట్టిగా మాట్లాడు, ఇక్కడ గాలిపంపులు తిరుగుతున్నాయి… పొట్ట ఉబ్బిందా. పక్కకి ఒరిగి తేలుతోందా. కిందికి దిగలేకపోతోందా… ఏ చేప? ఫైటరేనా?

ఎన్నాళ్ళయింది?… ఆహా. అన్నాళ్ళుగా తేలుతుంటే ఈవేళ గుర్తొచ్చానన్నమాట. అందరూ ఇంతే. బాగున్నన్నాళ్ళూ ఫోటోలు తీసి ఊరందరికీ చూపిస్తారు. చచ్చేముందు నాకు ఫోన్ చేస్తారు.

ఏడవకు… ఏడవకమ్మా, నువ్వేడిస్తే దాని పొట్ట తగ్గదు. ముక్కు తుడుచుకుని అడిగినదానికి సమాధానం చెప్పు. ఏం పెడుతున్నారు?

గుళికలు. ఎండువా?… నానబెట్టి వేస్తున్నారా, పొడిగానా?… పొడిగా. మరి పొట్టలోకి వెళ్ళి నీళ్ళు పీల్చుకుని ఉబ్బక ఏం చేస్తాయి, పాట పాడతాయా?… ఇంకా?… ఎర్రపురుగులు కూడానా! రోజుకి ఎన్నిసార్లు?…

తల్లీ. ఫైటర్ చేప పొట్ట దాని కంటిగుడ్డంత ఉంటుంది. కంటిగుడ్డంత! నువ్వు చెప్పిన మేతతో మా కోడిపుంజు బతికేస్తుంది.

ఎవరు పెట్టారూ?… మీ ఆయన. చేపల అందాల పోటీ ఉందనా?… ఒళ్ళు చేస్తే జడ్జీలు మెచ్చుకుంటారనా… చేసిందిగా ఒళ్ళు! ఇంక దండ వేసి ఊరేగించమను.

సీసా ఎక్కడ పెట్టారు?… పడగ్గదిలో. ఏసీ వేసుకుని… మీరిద్దరూ దుప్పటి కప్పుకున్నారు, మరి దానికెవరు కప్పుతారు? చలికి చేపకి తిన్నది అరగదమ్మా. వరిమళ్ళలో, ఎండకి కాగిన నీళ్ళలో పుట్టిన జాతి అది. దాన్ని తీసుకెళ్ళి ఐస్ పెట్టెలో పెట్టినట్టు పెట్టారు.

ఏమిటీ? మళ్ళీ చెప్పు… బఠాణీయా!… ఎవడు చెప్పాడు?… వీడియోలో. తొక్క తీసి, ఉడకబెట్టి, చిదిమి… అది దోమపిల్లల్ని మింగే జంతువు. దానికి బఠాణీ పెట్టావు. రేపు చిలక్కి రొయ్యల పులుసు పోస్తావా?… తినలేదా. చూశావా, మీ ఇంట్లో బుద్ధి ఉన్నది దానికొక్కదానికే.

సరే. ఇప్పుడు నేను చెప్పినట్టు చూడు. సీసాలో ఉందా?… మూత తీసి, పైనుంచి చూడు. పక్కనుంచి కాదు, పైనుంచి. పొలుసులు ఒంటికి అంటుకుని ఉన్నాయా, సీతాఫలం తొక్కలా లేచి నిలబడ్డాయా?… తొందరపడకు. సరిగ్గా చూసి చెప్పు. లేచి నిలబడితే లోపల నీరు పట్టేసిందని అర్థం. ఇంక నాతో పనిలేదు, ఎవరితోనూ పనిలేదు…

…

నున్నగా ఉన్నాయా. ఒట్టు?… సరే. అయితే మలబద్ధకమే. చేప ఒంట్లో గాలితిత్తి అని ఒకటి ఉంటుంది, చిన్న బుడగలాంటిది. దాంతోనే మునుగుతుంది, దాంతోనే తేలుతుంది. పొట్ట బిగిసి దాన్ని నొక్కేసింది. అందుకే ఒరిగిపోయింది… ఆఁ, బతుకుతుంది. మీరు బతకనిస్తే.

రాసుకోవక్కర్లేదు, గుర్తుపెట్టుకో. తిండి బంద్. జాలిపడి ఒక్క గుళిక వేసినా గొంతు పిసికినట్టే. ఎండిన బాదమాకు వెయ్యి, నీళ్ళు టీ రంగు తిరిగేదాకా. నీళ్ళు తక్కువ ఉంచు, పైకొచ్చి గాలి పీల్చుకోవడానికి ఈదులాడనక్కర్లేకుండా. కాస్త వెచ్చగా ఉంచు. ఇంకో గిన్నెలో దీ క్లుయా చిటికెడు కలిపి, అందులో కాసేపు—

ఏమన్నావ్?

ఉప్పు ముందే వేశారా. ఏం ఉప్పు?… మళ్ళీ చెప్పు… "క్లుయా దీ."

ఎవరు తెచ్చారు?… ఊఁ. ఏ రంగులో ఉంది?… గులాబీ రంగు. పెద్ద షాపులో, గాజుసీసాలో.

నేనన్నది దీ క్లుయా అమ్మా. మందుల షాపులో అమ్మే భేది ఉప్పు. నాలుక మీద పెడితే చేదు, పేగుల్ని కదిలిస్తుంది. దాన్ని తిరగేసి క్లుయా దీ అంటే మంచి ఉప్పు అయిపోతుంది. వంటింటి ఉప్పు. ఈ దేశంలో మాటలొచ్చిన పిల్లలెవరూ ఆ రెండూ కలపరు.

ఒక్కడు తప్ప.

ఏం లేదు… ఏదో గుర్తొచ్చింది. మా తమ్ముడొకడు ఉండేవాడులే. మా నాన్నకి కడుపు బిగిస్తే దీ క్లుయా తెమ్మని మందుల షాపుకి పంపారు. వాడు కిరాణా కొట్టుకి వెళ్ళి, మీ దగ్గరున్నవాటిలో మంచి ఉప్పు ఇవ్వండి అని అడిగి తెచ్చాడు. నాన్న గ్లాసెడు తాగి వసారా అంతా కక్కాడు. మాకు నవ్వలేక పొట్టలు చెక్కలయ్యాయి. వాడు మాత్రం షాపువాడిదే తప్పన్నాడు. ఇప్పటికీ అదే అంటాడేమో…

నవ్వొచ్చిందా? నవ్వు… ఎందుకాగిపోయావ్?

మీ ఆయనా అలాగే అంటాడా. షాపువాడిదే తప్పని.

ఊఁ.

చేపకి పేరు పెట్టారా?… మేఖ్. మేఘమన్నమాట. బూడిద రంగు, తోక అంచు నల్లగా, సిరాలో ముంచినట్టు… నాకెలా తెలుసా? ఆగు. ఎడమ మొప్ప కింద చూడు. బియ్యపు గింజంత తెల్ల మచ్చ… ఎడమ అంటే దాని ఎడమ, నీ ఎడమ కాదు… ఉందా.

ఉంది.

…

అమ్మాయ్, ఈ నంబరు నీకెక్కడిది?… ఆయన ఫోన్లోంచి. ఏమని రాసుకున్నాడు నా పేరు?… చెప్పు. నేనేం అనుకోను… "ఎత్తొద్దు."

బాగుంది. మరి ఎత్తొద్దు అని రాసి ఉన్న నంబరుకి నువ్వెందుకు చేశావ్?… నంబరు పక్కనున్న ఫోటోలో చేపల సీసాలు కనిపించాయనా… "ఎత్తొద్దంటే చెయ్యొద్దని కాదు కదా"నా! ఓహో. తెలివైనదానివే. వాడికెలా దొరికావమ్మా?

వాడనొద్దా? వాడు అనక ఏమనమంటావ్? గుర్తింపు కార్డులో వాడి పేరు వినిత్. ఇంట్లో పేరు కుంగ్. రొయ్య. అవునా, కాదా?… అవునుగా. పుట్టినప్పుడు రొయ్యలా ముడుచుకుని ఉన్నాడని నాన్న అలా పిలిచాడు. రొయ్యకి వెన్నెముక ఉండదు. తలకాయలో ఏముంటుందో కడిగేవాళ్ళకి తెలుసు. మా నాన్న ఊరికే పెట్టలేదు ఆ పేరు.

నేనా? వాడి అక్కని… అక్క ఉందని చెప్పలేదా. నాకూ చెప్పలేదులే, వాడికి పెళ్ళాం ఉందని. ఎప్పుడైంది పెళ్ళి?… చలికాలంలో. ఊఁ. భోజనాలు ఎవరు వండారు?… హోటల్లోనా… సరే, వదిలెయ్.

నీ పేరు?… బైతోంగ్. అరిటాకా. మంచి పేరు.

విను బైతోంగ్. నీ చేతిలో ఉన్నది నా చేప. కొన్నాడని చెప్పాడా?… కొనలేదు. చొక్కాలో సీసా దాచుకుని మా వెనకగోడ దూకాడు. దూకుతూ చెప్పు ఒకటి వదిలేశాడు. అది ఇంకా నా దగ్గరుంది, ఎడమకాలిది, కుక్క నమలడానికిచ్చాను. నాన్న పేరు మీద ఎందుకు, నా పేరు మీద పోటీకి పెడతానని ముందురోజే గొడవపడ్డాడు. ఆ రంగు చేప కోసం మా నాన్న ముసలాడయ్యేదాకా కష్టపడ్డాడు. ఆ వంశంలో మిగిలిన మగది మేఖ్ ఒక్కడే. నా దగ్గర ఆడవి ఉన్నాయి, మగది లేదు. అది పోయిందంటే ఆ రంగు ఇంక ఉండదు. ఎవరూ చెయ్యలేరు, నేనూ చెయ్యలేను.

అందుకని ఆ సీసా జాగ్రత్త. అర్థమైందా?

ఏమిటా మైకు?… ఎక్కడున్నావు నువ్వు? ఇంట్లో కాదా?…

"మలుగుపాము వదిలితే పనులు సాఫీ, తాబేలు వదిలితే ఆయుష్షు"… వినిపిస్తోంది, నాకూ చెవులున్నాయి. గుడి రేవులో ఏం చేస్తున్నావ్?

వదలడానికా!

వాడు చెప్పాడా. ఇంక బతకదు, ఏట్లో వదిలేస్తే పుణ్యమన్నా వస్తుందని. వాడు చెప్పాడు, నువ్వు తెచ్చావు… నీ తప్పని అనలేదు. బైతోంగ్, వెనక్కి జరుగు. రేవు అంచునుంచి వెనక్కి… జరిగావా? ఇప్పుడు మెడ చాచి కిందికి చూడు. నీళ్ళలో ఏమున్నాయి?… జెల్లలు. ఎంతెంతున్నాయి?… నీ తొడంత. నోళ్ళు తెరుచుకుని దేనికోసం చూస్తున్నాయి?… రొట్టె కోసం. మునగలేని చేపని వాటిమధ్య పడేస్తే అది వదలడం కాదమ్మా, వడ్డించడం.

పుణ్యమట! సీసా నిండా తిండి కుక్కి, ఏసీలో గడ్డకట్టించి, గులాబీ ఉప్పులో ఊరేసి, చివరికి పుణ్యం. ఊరగాయ పెట్టేవాళ్ళు కూడా ఇంత చెయ్యరు.

వాడేడి?… బండి పెట్టి అగరొత్తులు కొనడానికి వెళ్ళాడా. తనొచ్చేలోపల కానిచ్చెయ్యమన్నాడు. ఆహా. చేతులు తడవకూడదు, పుణ్యం మాత్రం కావాలి… నువ్వు ముందు నాకు ఫోన్ చేశావు. మంచిపని చేశావు. మీ ఇద్దరికీ కలిపి ఒక్క తలకాయైనా ఉంది.

మైకులో ఎవరో దగ్గుతున్నారు… ఎప్పుడూ అలాగే దగ్గుతాడా, "ఆయుష్షు" అనేముందు?… ఊఁ. ఏ గుడో చెప్పక్కర్లేదు. ఆ దగ్గు నేనెరుగుదును.

లేదు, ఎక్కడికీ వెళ్ళడం లేదు. ఆ చప్పుడా… గాలిపంపు. నువ్వు లైన్లో ఉండు, పెట్టెయ్యకు, నేను చెప్పినట్టు చెయ్యి. ముందు నీడలోకి… వద్దు వద్దు, నీడ వద్దు. ఏసీలోంచి వచ్చిన ఒళ్ళు, కాస్త వెచ్చబడనీ. తెరిపిగా ఉన్నచోట, లేత ఎండ పడేచోట కూర్చో. చెక్కబల్ల ఉంటుంది చూడు, గంట పక్కన… ఉంటుందని నాకెలా తెలుసంటే, అన్ని గుళ్ళలోనూ ఉంటుంది. ప్రశ్నలు తర్వాత. ముందు కూర్చో.

ఒక్క నిమిషం ఆగు, ఎవరో వచ్చారు…

ఏమయ్యా చెత్, పడవ కట్టు విప్పు. అవతలి గుడి రేవుకి… అన్నం తర్వాత తిందువుగాని… పులుసు చల్లారితే నేను వెచ్చబెట్టి పంపిస్తాలే, ముందు ఇంజను తిప్పు… గొడుగు నేను పట్టుకుంటా, నువ్వు పడవ సంగతి చూడు… ఎవరూ చావలేదు. ఇంకా.

ఆ, బైతోంగ్. ఉన్నావా?… ఎవరో కొనుక్కునేవాళ్ళు. సీసా చుట్టూ కాయితం చుట్టు, పైన మాత్రం తెరిచి ఉంచు. నీ రుమాలైనా సరే. చుట్టూ మనుషులు కదులుతుంటే అది బెదిరిపోతుంది, బెదిరితే పొట్ట ఇంకా బిగుస్తుంది… చుట్టావా. ఇప్పుడు సగం నీళ్ళు ఒంపెయ్యాలి. అరచెయ్యి మూతికి అడ్డం పెట్టి, వేళ్ళ సందుల్లోంచి, నెమ్మదిగా… రేవు వైపు తిరిగి కాదు! గట్టుమీద, మట్టిలోకి. జారిపడినా మట్టిలో పడాలి, ఏరుకోవచ్చు…

ఇదా? పెద్ద గాలిపంపు. పాతది. గోల చేస్తుంది… నీళ్ళ చప్పుడా? చేపల ఇంట్లో నీళ్ళ చప్పుడు కాక ఏముంటుందమ్మా.

ఏం చేస్తోంది అది?… రెక్క ఆడిస్తోందా. ఒకటా, రెండూనా?… రెండూ. మొప్పలు?… మంచిది. ఇంకా ఒరిగే ఉందా… ఉండనీ. ఒరిగినంత మాత్రాన చావదు. మీ ఆయన పుట్టినప్పట్నుంచీ ఒరిగే ఉన్నాడు.

తోక కింద చూస్తూ ఉండు. ఏమైనా పడుతుందేమో… ఏమిటంటే ఏం చెప్పను, పెంట. అది పెంట వేస్తే బతికినట్టే. తెల్లగా దారంలా వస్తే లోపల పురుగులున్నట్టు. నల్లగా వస్తే… నల్లగా రావాలి. చూస్తూ ఉండు. అసహ్యమేమిటి? పోటీల్లో కప్పులు గెలిచే మగాళ్ళు కూడా పొద్దున్నే లేచి అదే చూస్తారు.

వాడితో నీకెలా పరిచయం?… నీ దుకాణంలో అరటిపళ్ళ వేపుడు కొనడానికొచ్చి. ఏమన్నాడు?… పేరున్న చేపల పెంపకందారు. వాడు! మా ఇంట్లో సీసాలు కడగమంటే చేతులు పగులుతాయనేవాడు… నిన్ను బాగా చూసుకుంటాడా?… అలా ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్నా అది?

ఏమైంది?… వస్తున్నాడా. అగరొత్తులు పట్టుకుని… భయపడకు. సీసా ఒళ్ళోనే ఉంచు. ఫోన్ వాడికివ్వు. నేనని చెప్పకు. ఎవరో చేపల డాక్టరని చెప్పి ఇవ్వు… ఇవ్వమ్మా.

హలో… ఆఁ, డాక్టర్నే. ఏరా రొయ్యా.

…

ఏం, అగరొత్తులు నోట్లో పెట్టుకున్నావా?… మంచి ఉప్పు దొరికిందటగా? గులాబీ రంగుది, గాజుసీసాలో. నాన్న ఉండుంటే ఇంకో గ్లాసు కలిపిచ్చేవాడివి… షాపువాడిదే తప్పా! మళ్ళీనా? ఒరేయ్, నీ జీవితంలో నీ తప్పు ఒక్కటైనా ఉందా, అన్నీ షాపువాళ్ళవేనా?

నాన్న పేరెత్తకు… నీ పేరు మీద పెడదామనుకున్నావుగా? పెట్టావుగా? నీ పేరు తగలగానే తల్లకిందులైంది చూడు.

ఎలాగూ చచ్చేదే అంటావు. అయితే ఇంట్లోనే చావనివ్వకపోయావా?… అవునులే, చావు నీ చేతిమీద పడకూడదు. దొంగతనం నీది, తిండి పెట్టి చంపడం నీది, మొయ్యడం ఆ పిల్లది, మింగడం జెల్లలది. పుణ్యం మాత్రం మళ్ళీ నీది. దేవుడి దగ్గర కూడా నీ బేరాలే.

వదిలేస్తావా. నా కసి కోసమైనా వదిలేస్తావా… వదులు. తప్పకుండా వదులు. ఆ పిల్ల ఇస్తే తీసుకుని వదులు… ఇవ్వనంటోందా? హ! మాట్లాడింది చూడు అరిటాకు! కానీ ముందు ఒకపని చెయ్యి. ఒక్కసారి ఏటివైపు చూడరా… ఎక్కడంటే, చెత్ పడవ. ముందు నిలబడ్డ మనిషి. ఎర్ర గొడుగు.

కనిపించానా.

దయ్యాన్ని కాదురా, పగలే ఉంది. నిలబడు అక్కడే. ఇంకో నిమిషంలో… హలో?… ఒరేయ్… ఒరేయ్ కుంగ్…

హలో… బైతోంగ్? నువ్వేనా. వాడేడి?… పరిగెత్తాడా. అగరొత్తులు నీ మీద పారేసి. కాలిందా?… వెలిగించలేదా, సరే. చూశావా తల్లీ, పొద్దున్న చేపని వదలడానికి వచ్చాడు, నిన్ను వదిలేసి పోయాడు.

ఎటు పోయాడు?… బండి దగ్గరకా… ఏమిటీ? తాళంచెవి నీ సంచిలోనా!… చెత్, విన్నావా, తాళంచెవి ఈ పిల్ల దగ్గరుందట… నవ్వకు, పడవ సరిగ్గా నడుపు…

నవ్వుతున్నావా నువ్వు కూడా? నవ్వు. వాడు ఆ బండి మీద చేతులేసుకుని ఎండలో నిలబడతాడు, కాసేపు నిలబడనీ. ఏసీ లేదుగా, పాపం.

సీసా పట్టుకున్నావా?… రెండు చేతులతో పట్టుకో. ఛాతీకి ఆనించుకో. కోప్పడతానా? నీ మీదా? నీ మీద కోప్పడటానికి చాలా ఉందిగాని, బఠాణీ దగ్గర మొదలుపెట్టాలి, తీరిగ్గా కోప్పడతాను. ఇప్పుడు కాదు.

ఏమిటీ?… సీసా అడుగునా. ఏదో పడిందా.

సరిగ్గా చూడు. ఏ రంగు?… నీడలో పెట్టి చెప్పకు, చుట్టింది తీసి వెలుతురుకి ఎత్తి చెప్పు… దారంలా కాదుగా? తెల్లగా కాదుగా?…

నల్లగా. ఈగ తలంత.

ఇంకోటా?

…

ఉన్నాను. లైన్లోనే ఉన్నాను… ఏం లేదు, ఏటినీళ్ళు చిమ్మాయి మొహం మీద. ఈ చెత్‌కి పడవ నడపడం ఎప్పటికి వస్తుందో.

మందు అక్కర్లేకపోయింది చూడు. ఒంటికి కాస్త వెచ్చ తగిలింది, మీ ఆయన కాస్త దూరంగా జరిగాడు. రోగం తగ్గడం మొదలుపెట్టింది… అయినా దీ క్లుయా తెచ్చాను. సంచిలో ఉంది పొట్లం, మందుల షాపుదే. పేరు తిరగెయ్యకుండా కొన్నదే.

ఆ, గొడుగు మనిషినే… చెయ్యూపకు, సీసా జారుతుంది!… ఆ, నేనే. "మేడమ్" ఎవరు ఇక్కడ? వదినా అను… మళ్ళీ అను, ఇంజను చప్పుడులో వినపడలేదు…

వినపడిందిలే. ఫోన్ పెట్టెయ్. ఒడ్డు తగులుతోంది, తాడు విసరాలి—